రొమ్ములో గడ్డ మళ్ళీ వస్తాదా రాదా: బయాప్సీ ముక్కని ఎట్లా కాపాడుకోవాలి, మార్కర్ టెస్టుల గురించి డాక్టర్ని ఏం అడగాలి

నేను తిరుపతిలో ఒక ల్యాబ్‌లో పని చేస్తాను, హిస్టోపాథాలజీ సెక్షన్, అంటే ఆపరేషన్లో గానీ బయాప్సీలో గానీ తీసిన ముక్కలన్నీ మా టేబుల్ మీదికే వస్తాయి, మేము వాటిని మైనంలో పోసి పల్చగా కోసి రంగులేసి ఇస్తే డాక్టరు మైక్రోస్కోప్‌లో చూసి రిపోర్ట్ రాస్తారు. రోజూ ఊరందరి ముక్కలూ చూసే దాన్ని, మా ఇంట్లో మనిషికి గడ్డ వచ్చినప్పుడు మాత్రం ఆ ముక్క నా చేతికి దొరకలేదు.

మా అన్న వాళ్ళు చిత్తూరులో ఉంటారు. వదినకి రెండో బిడ్డ పుట్టిన మూడేండ్లకి ఎడమ రొమ్ములో గడ్డ లేచింది, ఎర్రగా గట్టిగా నొప్పిగా. పాలగడ్డ అన్నారు, మూడు కోర్సులు యాంటీబయాటిక్ మింగింది, తగ్గలేదు, అక్కడే ఒక నర్సింగ్ హోమ్‌లో కోసి చీము తీసి కట్టు కట్టి పంపించేసినారు. తీసింది ల్యాబ్‌కి పంపినారా అని నేను ఫోన్ చేసి అడిగితే "చీమే కదమ్మా, పారేసినాం" అన్నారు. ఐదు నెలలకి ఆ మచ్చ పక్కనే ఇంకోటి లేచింది.

ఈసారి బయాప్సీ చేయిస్తే ఇడియోపతిక్ గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్ అని వచ్చింది, అంటే కారణం తెలియకుండా రొమ్ములో వచ్చే ఒక రకం మంట జబ్బు, డాక్టర్లు షార్ట్‌గా ఐజీఎం అంటారు. క్యాన్సర్ కాదు, కానీ చేత్తో చూసినా స్కాన్‌లో చూసినా అచ్చం క్యాన్సర్ లాగే భయపెడతాది. 1972లో కెస్లర్, వోలాక్ అనే ఇద్దరు దీన్ని మొదటిసారి వేరే జబ్బుగా రాసినారు. ఎక్కువగా బిడ్డల్ని కన్న వయసు ఆడవాళ్ళకి, కాన్పు అయిన కొన్నేండ్ల లోపల వస్తాది. అరుదైన జబ్బే, కానీ వచ్చిందంటే నెలల తరబడి సతాయిస్తాది, చాలామందికి ఆరు నెలల నుంచి ఏడాదిలో దానంతట అదే అణగిపోతాది, కొందరికి రెండేండ్లు కూడా పడతాది. మళ్ళీ వచ్చే రేటు అయితే ఒక్కో స్టడీలో ఒక్కో మాదిరి, 5 శాతం దగ్గర్నుంచి 50 శాతం దాకా రాసినారు, అంటే ఏమీ చెప్పనట్టే కదా.

వదిన అడిగేది ఒక్కటే మాట, "మళ్ళీ వస్తాదా?" అప్పుడే బెంగుళూరులో ఉండే మా చిన్నాన్న కొడుకు వాట్సాప్‌లో ఏదో పంపినాడు, ముక్కలో కొన్ని మార్కర్లు (అంటే ఏ కణాలు ఉన్నాయో రంగేసి పట్టే గుర్తులు) చూస్తే తిరిగి వచ్చేదీ రానిదీ ముందే తెలిసిపోతుందంట, ఎంతైనా పర్లేదు చేయించండి అని. అప్పటి నుంచి ఇంట్లో నాకు పెట్టిన పరీక్ష ఇంతా అంతా కాదు. అప్పుడు నేను చేసినవీ, చేయకుండా తప్పు చేసినవీ వరసగా రాస్తా ఉన్నాను. మందుల సంగతి మీ డాక్టరుదే, నాకు తెలిసింది ముక్క సంగతి.

ముందు చేయాల్సిన పని సూది పెట్టక ముందే చేయాలి. బయాప్సీ రూమ్‌లోకి పోయే ముందు డాక్టర్ని అడగండి, "సార్, రెండు డబ్బాల్లో పంపిస్తారా?" అని. ఒకటి ఫార్మలిన్ (ముక్క కుళ్ళకుండా కాపాడే మందు నీళ్ళు), ఒకటి స్టెరైల్ సెలైన్ (క్రిములు లేని ఉప్పు నీళ్ళు). ఎందుకంటే ఫార్మలిన్‌లో పడిన ముక్క మైక్రోస్కోప్‌కి బంగారం, కల్చర్‌కి, అంటే క్రిముల్ని పెంచి చూసే పరీక్షకి, మట్టి. ఫార్మలిన్ క్రిముల్ని చంపేస్తాది, చచ్చిపోయిన క్రిమి పెరగదు. తర్వాత ఎవరైనా "కల్చర్ చేయించినారా, సీబీనాట్ (టీబీ క్రిమి జీన్‌ని పట్టే టెస్టు) చేయించినారా" అంటే మళ్ళీ సూది పొడిపించుకోవాలి. మాకు వచ్చే వాటిలో ఎక్కువ శాతం ఒకే డబ్బా, అదీ ఫార్మలినే, నిజం చెప్పాలంటే అడిగే వాళ్ళు లేకనే.

ఎఫ్ఎన్ఏసీ అని సన్న సూదితో తీసేది ఈ జబ్బుకి సాధారణంగా సరిపోదు, కణాలు వస్తాయి గానీ వాటి అమరిక కనపడదు. కోర్ బయాప్సీ కావాలి, మామూలుగా 14 గేజ్ సూదితో తీస్తారు, సేమియా పోగు మాదిరి ముక్కలు వస్తాయి, నాలుగైదు తీస్తే మంచిది.

డబ్బా గురించి కూడా ఒక మాట. మూతి వెడల్పుగా ఉండాలి. ఆపరేషన్ చేసిన గడ్డని ఇరుకు మూతి సీసాలో కుక్కి పంపుతారు కొందరు, మెత్తగా ఉన్నప్పుడు దూరిపోతాది, ఫార్మలిన్ తగిలి గట్టిపడినాక బయటికి రాదు, అప్పుడు మేము సీసా కోయాల్సి వస్తాది. ముక్కకి కనీసం పది రెట్లు ఫార్మలిన్ ఉండాలి. డబ్బా మీద (మూత మీద కాదు, మూతలు మారిపోతాయి) పేరు, కుడా ఎడమా, తేదీ, టైం ఉన్నాయా లేదా మీరే కళ్ళతో చూసుకోండి. ఫార్మలిన్‌లో ఆరు గంటల కంటే తక్కువా ఉండకూడదు, మూడు రోజులకి మించీ ఉండకూడదు, ఎందుకంటే తర్వాత మార్కర్ రంగులు సరిగ్గా పట్టవు. శనివారం సాయంత్రం బయాప్సీ, ఆదివారం ల్యాబ్ సెలవు, సోమవారం పండగ అనుకోండి, ఆ ముక్క కథ అక్కడే సగం అయిపోతాది. వారం మొదట్లో చేయించుకోగలిగితే చేయించుకోండి.

రెండోది, రిక్విజిషన్ ఫారం, అంటే ముక్కతో పాటు ల్యాబ్‌కి పంపే కాగితం. ఇది చిన్న విషయం అనుకుంటారు, నేను మాత్రం దీని దగ్గరే గొడవ పడతాను. హిస్టరీ అని ఉన్న చోట "లంప్ బ్రెస్ట్" అని రెండు మాటలు రాసి పంపుతారు. మీరు ఒక తెల్ల కాగితం మీద తెలుగులోనే రాసి ఫారానికి పిన్ను కొట్టించండి: చివరి కాన్పు ఎప్పుడు, పాలు ఎప్పుడు మాన్పించినారు, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉండిందా, ఇప్పటిదాకా ఏ యాంటీబయాటిక్స్ వాడినారు, స్టెరాయిడ్ మొదలుపెట్టినారా, పెట్టి ఉంటే ఏ తేదీన. స్టెరాయిడ్ మింగినాక తీసిన ముక్కలో మంట తగ్గి కనపడొచ్చు, ఆ సంగతి చూసే డాక్టరుకి తెలియాలి కదా. ఇంకొకటి, ప్రొలాక్టిన్ అనే హార్మోన్ ఎక్కువ ఉన్నవాళ్ళకి ఈ జబ్బు లంకె ఉందని చాలామంది రాసినారు, మానసిక సమస్యలకి ఇచ్చే రిస్పెరిడోన్, వాంతులకీ గ్యాస్‌కీ ఇచ్చే డోంపెరిడోన్ లాంటివి ఆ హార్మోన్‌ని పెంచుతాయి, అవి వాడతా ఉంటే అదీ రాయండి. మా వదిన గ్యాస్ మాత్ర వాడతా ఉన్నట్టు మాకు ఎవరికీ తెలియదు, మెడికల్ షాపులో అన్న తెచ్చిచ్చేవాడంట.

మూడోది టీబీ. మార్కర్లూ గీర్కర్లూ అన్నీ తర్వాత, ముందు ఇది. మన దేశంలో రొమ్ముకి కూడా టీబీ వస్తాది, అది కూడా మైక్రోస్కోప్‌లో గ్రాన్యులోమా (మంట కణాలు ముద్దగా చేరిన చిన్న గడ్డ) లాగే కనపడతాది. ఐజీఎంకి ఇచ్చే స్టెరాయిడ్ టీబీ ఉన్న మనిషికి ఒక్కదాన్నే ఇస్తే టీబీ రెచ్చిపోతాది. కాబట్టి రిపోర్ట్‌లో జెడ్ఎన్ స్టెయిన్ (టీబీ క్రిమి కనపడటానికి వేసే రంగు) చేసినట్టు ఉందా, సెలైన్ ముక్క మీద సీబీనాట్, టీబీ కల్చర్ పంపినారా చూడండి. జెడ్ఎన్‌లో క్రిమి కనపడలేదు అంటే టీబీ లేదని అర్థం కాదు, ముక్కల్లో క్రిములు చాలా తక్కువ ఉంటాయి, నేను ఒక్కో స్లైడ్‌ని అరగంట వెతికి కూడా దొరకనివి ఉన్నాయి. ఫంగస్‌కి పీఏఎస్ స్టెయిన్, మామూలు బ్యాక్టీరియాకి గ్రామ్ స్టెయిన్ కూడా ఉండాలి.

గ్రామ్ స్టెయిన్ దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే మళ్ళీ మళ్ళీ వచ్చే కేసుల్లో నన్నడిగితే అన్నిటికన్నా పనికొచ్చే గుర్తు ఇదే, దీనికి ఖరీదైన మార్కర్ కూడా అక్కర్లేదు. కొన్ని ముక్కల్లో గ్రాన్యులోమా మధ్యలో చిన్న చిన్న ఖాళీ గుండ్రాలు కనపడతాయి, ఉల్లి దోశ మీద చిల్లుల మాదిరి, వాటి చుట్టూ న్యూట్రోఫిల్స్ అనే చీము కణాలు మూగి ఉంటాయి. నిజానికి ఆ గుండ్రాలు కొవ్వు ఉండిన జాగాలు. ఓపిగ్గా చూస్తే కొన్నిసార్లు లోపల ఊదా రంగులో రెండు మూడు పుల్లల్లాంటి బ్యాక్టీరియా కనపడతాయి. కొరైనీబ్యాక్టీరియం క్రోపెన్‌స్టెడ్టీ అనే క్రిమి, 1998లో పేరు పెట్టినారు, కొవ్వు అంటే దానికి ప్రాణం. మామూలు కల్చర్ ప్లేట్‌లో నిదానంగా పెరుగుతాది, రెండు రోజులకి "నో గ్రోత్" అని ప్లేట్ పారేస్తారు, పెరిగినా చర్మం మీది క్రిమిలే అని వదిలేస్తారు. అందుకే కల్చర్ ఇచ్చేటప్పుడే "కొరైనీబ్యాక్టీరియం అనుమానం, ఎక్కువ రోజులు ఉంచండి" అని రాయించండి. ఈ రకానికి సిస్టిక్ న్యూట్రోఫిలిక్ గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్ అని వేరే పేరే ఉంది, ఇది దొరికితే డాక్టరు ఇచ్చే యాంటీబయాటిక్ మారొచ్చు, కొవ్వులోకి దిగే డాక్సీసైక్లిన్ లాంటి వాటి వైపు చూస్తారు. వదిన స్లైడ్‌లో మా సార్ ఆ గుండ్రాలు చూపించినప్పుడు నాకు కోపం వచ్చింది, మొదటిసారి పారేసిన ముక్కలో కూడా ఇవి ఉండేవేమో, ఇంక ఎవరికి తెలుసు.

రిపోర్ట్ వచ్చినాక ఇంగ్లీష్ చూసి భయపడొద్దు. నాలుగు మాటలు వెతకండి చాలు. లోబ్యులోసెంట్రిక్ అంటే పాల గ్రంథుల గుత్తుల్ని పట్టుకుని మంట ఉందని, ఇది ఐజీఎం పోలిక. కేసియేషన్ అంటే పెరుగు గడ్డ మాదిరి చచ్చిన జాగా, అది ఉందంటే టీబీ అనుమానం పెరుగుతాది. జెయింట్ సెల్స్ అంటే చాలా కణాలు కలిసిపోయి అయిన పెద్ద కణం, పేరు చూసి క్యాన్సర్ అనుకోవద్దు. వాక్యూల్ అంటే పైన చెప్పిన గుండ్రాలు.

ఇప్పుడు బ్లాక్. మీ ముక్కని మైనంలో పోసి చిన్న ప్లాస్టిక్ కేసెట్‌కి అతికించి పెడతాం, అగ్గిపెట్టె కంటే చిన్నగా ఉంటాది, దాన్నే బ్లాక్ అంటారు. రిపోర్ట్ పేపరు పోతే మళ్ళీ ప్రింట్ తీసుకోవచ్చు, బ్లాక్ పోతే ఆ ముక్క ఇంక ఈ లోకంలో లేనట్టే. స్విమ్స్‌కి పోయినా రుయాకి పోయినా కాట్పాడి రైలెక్కి వేలూరు సీఎంసీకి పోయినా రెండో ఒపీనియన్ అంటే బయట చేసిన స్లైడ్లు, బ్లాక్ అడుగుతారు. ల్యాబ్‌కి ఒక లెటర్ రాసివ్వండి, బయాప్సీ నెంబరు వేసి, ఆధార్ జిరాక్స్ పెట్టి, ఎక్కడికి తీసుకుపోతా ఉన్నారో చెప్పి. రెండు మూడు బ్లాకులు ఉంటే అన్నీ తీసుకోవద్దు, ఒకటి అక్కడే ఉండనీండి. స్లైడ్లు మాత్రమే అడిగితే స్లైడ్లే ఇచ్చి బ్లాక్ ఆపుకోమనండి.

తీసుకుపోయేటప్పుడు జాగ్రత్త. మైనం 60 డిగ్రీల దగ్గర కరిగిపోతాది. తిరుపతి మే నెల ఎండలో కారు అద్దం ముందర పెడితే ఏమవుతాదో నాకు తెలుసు, ఎందుకంటే నేను స్కూటీ డిక్కీలో పెట్టి, గాంధీ రోడ్డులో పని చూసుకుని వచ్చేటప్పటికి బ్లాక్ అంచులు మెత్తబడి టిష్యూ పేపర్‌కి అంటుకుని ఉండినాయి. ల్యాబ్ దాన్ని అయ్యుండి! ముక్కకి ఏమీ కాలేదు, మళ్ళీ మైనం పోసి సరిచేసినాను, కానీ ఆ పూట గుండె జారింది. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో దూది పెట్టి హ్యాండ్‌బ్యాగ్‌లో మీ ఒంటి దగ్గరే పెట్టుకోండి. ఫ్రిజ్ అక్కర్లేదు.

ఇంక అందరూ అడిగే మార్కర్లు. ముక్కని మైక్రోటోమ్ మీద 4 మైక్రాన్ల మందంలో కోస్తే అప్పడం కాదు కదా ఉల్లిపొర కంటే పల్చన రిబ్బన్ వస్తాది, గోరువెచ్చని నీళ్ళ మీద తేలేసి గాజు మీదికి ఎత్తుతాం. దాని మీద ఒక యాంటీబాడీ పోస్తే అది తనకి కావాల్సిన కణాన్నే పట్టుకుంటాది, అక్కడ గోధుమ రంగు తేలుతాది. మార్కర్ టెస్టు, మా ల్యాబ్ భాషలో ఐహెచ్‌సీ (ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ), అంటే ఇంతే. సీడీ3 పోస్తే టీ కణాలు, సీడీ20 అయితే బీ కణాలు, సీడీ68 అయితే మాక్రోఫేజ్‌లు, సీడీ163 అయితే వాటిలో ఒక రకం, సీడీ138 అయితే ప్లాస్మా కణాలు, ఇవన్నీ ఒంట్లో రోగాలతో పోరాడే కణాలే. ఐజీజీ4 అని ఇంకోటి ఉంది, అది ఐజీజీ4 జబ్బు అనే వేరే అరుదైన జబ్బుని పక్కన పెట్టడానికి చూస్తారు, మొత్తం ఐజీజీ ప్లాస్మా కణాల్లో ఐజీజీ4వి 40 శాతం దాటాలి, దాంతో పాటు ప్రత్యేకమైన మచ్చ కట్టే తీరు కూడా ఉండాలి, రంగు ఒక్కటే చూసి చెప్పరు.

ఈ కణాలు ఎవరి ముక్కలో ఎక్కువున్నాయి, ఎవరికి జబ్బు తిరగబడింది అని లెక్కలు వేసి పరిశోధన చేస్తా ఉన్నారు. మంచిదే. కానీ వాట్సాప్‌లో వచ్చినంత సులువు కాదు. మన పక్క మామిడి తోటలు ఉన్నవాళ్ళకి చెప్తే వెంటనే అర్థమవుతాది, జనవరిలో పూత చూసి తోట లీజుకి తీసుకున్న వాళ్ళు ఎంతమంది మే నెలలో తల పట్టుకున్నారో. పూత అబద్ధం కాదు, కానీ మధ్యలో తేనెమంచు పురుగుంది, గాలివానుంది.

లెక్క వేసి చూపిస్తాను, ఇవి నేను ఊహించుకున్న అంకెలు. 100 మంది ఉన్నారు, 20 మందికి జబ్బు తిరిగి వచ్చింది. మార్కర్ ఆ 20 లో 16 మందిని సరిగ్గా పట్టింది, అబ్బో అనిపిస్తాది. మిగిలిన 80 మందిలో 20 మందికి తప్పుగా పాజిటివ్ చూపించింది. అంటే మొత్తం పాజిటివ్ 36 మంది, నిజంగా తిరిగి వచ్చింది అందులో 16 మందికే. సగం కూడా కాదు. మిగతా 20 మంది ఊరికే ఏడాది పాటు నిద్ర చెడగొట్టుకుంటారు. నెగటివ్ వచ్చిన 64 మందిలో కూడా నలుగురికి వస్తాది, వాళ్ళు ధైర్యంగా చెకప్ మానేసి ఉంటారు.

కాబట్టి ఎవరైనా ఈ మార్కర్ చేయించండి అంటే మొహమాటం లేకుండా అడగండి. ఎంతమంది మీద చూసినారు, ఇరవై ముప్పై మందేనా? ఎన్ని నెలలు వెంబడి చూసినారు, ఆరు నెలలు చూసి రాలేదు అంటే ఈ జబ్బులో లెక్క కాదు. మళ్ళీ రావడం అంటే వాళ్ళ లెక్కలో ఏమిటి, పాత గడ్డ తగ్గకుండా ఉండి పెరగడమా, పూర్తిగా తగ్గినాక కొత్తగా రావడమా, రెండో పక్క రావడమా, మూడూ వేరు వేరు. ఇంకో ఊరి ఆసుపత్రి పేషెంట్ల మీద కూడా అదే నిలబడిందా? అన్నిటికన్నా ముఖ్యం, "సార్, పాజిటివ్ వస్తే మందు మారుస్తారా, నెగటివ్ వస్తే మందు తగ్గిస్తారా?" రెండిటికీ కాదు అంటే ఆ డబ్బులు బిడ్డల స్కూలు ఫీజుకి పెట్టుకోండి. వదిన డాక్టర్ని నేను ఇదే అడిగినాను. ఆయన నవ్వి "నువ్వే చెప్పమ్మా, కౌంట్ చేసేది మీరే కదా" అన్నాడు. నిజమే, ఒకే స్లైడ్‌ని ఇద్దరు డాక్టర్లు లెక్కపెడితే రెండు అంకెలు వస్తాయి, సేమియా పోగంత ముక్కలో ఒక చివర కణాలు కిక్కిరిసి ఉంటాయి, ఇంకో చివర ఖాళీ.

అయినా ముందు ముందు గట్టి మార్కర్ ఏదైనా రావొచ్చు, అప్పుడు బ్లాక్ ఉన్నవాళ్ళు చేయించుకోగలరు. అందుకే ఎప్పుడో పనికొస్తాయని ఇప్పుడే రంగులేయని స్లైడ్లు పది కోయించి పెట్టుకోవద్దు, కోసినవి గాలికి నెలల్లో పాడవుతాయి, రంగు సరిగ్గా పట్టదు, బ్లాక్‌లో ఉంటేనే భద్రం. ఐహెచ్‌సీకి కోసేటప్పుడు కోటింగ్ స్లైడ్లు వాడమనండి, మామూలు గాజు మీద నుంచి ముక్క కడుగుల్లో కొట్టుకుపోతాది.

టీచింగ్ హాస్పిటల్‌లో అయితే పీజీ డాక్టర్లు మిగిలిన ముక్కని పరిశోధనకి ఇస్తారా అని అడగొచ్చు. ఇవ్వండి, ఇట్లాంటి అరుదైన జబ్బుకి అట్లా పోగేస్తేనే కదా తెలిసేది. కాకపోతే కన్సెంట్ ఫారం తెలుగులో అడిగి చదివి సంతకం పెట్టండి, ఇష్టం లేకపోతే వద్దనొచ్చు, వైద్యం ఆపరు. బ్లాక్ మొత్తం అరగదీయకుండా కొంచెం మిగల్చమని మాత్రం చెప్పండి.

ఇంటి దగ్గర చేయాల్సింది ఒక నోట్‌బుక్. గడ్డ ఎక్కడ, గడియారం ముల్లు లెక్కన ఎన్ని గంటల వైపు, టేపుతో ఎన్ని సెంటీమీటర్లు, చీము కారిందా, ఏ తేదీ. అల్ట్రాసౌండ్ వీలైతే ఒకే చోట చేయించండి. స్టెరాయిడ్ డాక్టరు చెప్పినట్టే మెల్లగా తగ్గించాలి, బాగయింది కదా అని టక్కున ఆపకూడదు, షుగర్ చూపించుకోవాలి. మెథోట్రెక్సేట్ ఇస్తే వారానికి ఒక్క రోజే, రోజూ కాదు, ఈ ఒక్క పొరపాటుతో ప్రాణాలు పోయినాయి, వారంలో ఏ రోజు మింగాలో డబ్బా మీద తెలుగులో రాసుకోండి. ఆ మందు మీద ఉన్నప్పుడు గర్భం రాకూడదు. తర్వాత బిడ్డ కావాలనుకుంటే ముందే డాక్టరుకి చెప్పండి. మళ్ళీ గడ్డ లేస్తే పాతదే కదా అని పాత మందు మింగొద్దు, డాక్టరుకి చూపించి మళ్ళీ బయాప్సీ కావాలా అడగండి, చేస్తే పాత స్లైడూ కొత్త స్లైడూ పక్కపక్కన పెట్టి చూడమనండి.

వదినకి ఇప్పటికి పద్నాలుగు నెలలు. మచ్చ ఉంది, గడ్డ లేదు. మళ్ళీ వస్తాదా అని అడగడం కొంచెం తగ్గించింది, పూర్తిగా మానలేదు. బ్లాక్ వాళ్ళ బీరువాలో పట్టుచీరల కింద గాజుల డబ్బాలో ఉంది, కేసెట్ మీద నెంబరు పెన్సిల్‌తో రాసి ఉంటాది, పెన్ను అయితే మా కెమికల్స్‌కి చెరిగిపోతాది. డబ్బా మూత మీద మాత్రం అన్న ఎర్ర స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాల్లో రాసినాడు, "ఇది పారేయొద్దు".